ఏ ఇంటి పిల్ల

“కూచోవే అందులో, ఒక్క ఫొటో!” అన్నాడు మా తమ్ముడు ఇద్వల్. అలా అనడం మూడోసారి.

మాబ్లి కూచోలేదు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ఆ చేతినే చూసుకుంటూ నిలబడింది. పదిహేడేళ్ళ పిల్ల, వేదిక ఎక్కితే గొంతు వణకని పిల్ల. అలాంటిది సొంత వంటింట్లో, కన్నతండ్రి ముందు, దాని పై పెదవి మీద చెమట పట్టింది.

కుర్చీ వంటింటి నడిమధ్యలో ఉంది. బడి పద్యాల పోటీకి బహుమతిగా వడ్రంగం తరగతి పిల్లలు రెండు నెలలు చెక్కిన ఓక్ కుర్చీ. ఎంత బాగుంటే ఏం, దాన్ని తప్పించుకుని బల్ల దగ్గరికి రావడానికి నేను పక్కకి తిరిగి నడవాల్సి వస్తోంది. పొయ్యి పక్కన చిన్నది షోనెద్ నేల మీద చతికిలబడి గొర్రెపిల్లకి సీసాతో పాలు పడుతోంది. ఇంటికి వచ్చినప్పట్నుంచి అది తల ఎత్తలేదు.

“సిగ్గేమిటే? మీ తాత ముప్పై ఏళ్ళు రాసినా ఒక్క కుర్చీ తెచ్చుకోలేదు,” అన్నాడు ఇద్వల్. ఫోను పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. చేతులకి ఇంకా గొర్రెల కొట్టం వాసన ఉంది. ఈనే గొర్రెలని వదిలి మధ్యాహ్నం బడికి రాలేకపోయాడు. అంతా అయ్యాక కుర్చీని బండిలో వేసుకోవడానికి మాత్రం వచ్చాడు. వస్తూనే కనిపించినవాడికల్లా “మా పెద్దదే, మా పెద్దదే” అని చెప్పాడు. ఆరు వారాల తర్వాత వాడి మొహంలో నవ్వు అప్పుడే చూశాను నేను.

అందుకే నోరు మూసుకున్నాను.

నిజం నాకు తెలుసు. ఆ వంటింట్లో ఉన్న నలుగురిలో ముగ్గురికి తెలుసు. తెలియనివాడు ఒక్కడే, ఆ ఒక్కడే ఫొటో తీస్తానని నిలబడ్డాడు.

మధ్యాహ్నం జరిగింది ఇదీ. ఏటా జరిగే కళల పోటీల పండగ, మా బడి ఐస్తెద్‌వోద్‌లో పాటలూ నాట్యాలూ అన్నీ అయ్యాక ఆఖర్న మంచి పద్యానికి కుర్చీ ఇస్తారు. పద్యం రాసినవాళ్ళు మారుపేరుతో పంపుతారు. అసలు పేరు అంటించిన కవరులో పెట్టి ఆఫీసులో ఇస్తారు. ఆ ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా కూచున్నదాన్ని నేనే. బాకా ఊదుతారు, మారుపేరు పిలుస్తారు, ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు జనంలోంచి లేచి నిలబడాలి.

“సుకి!” అని పిలిచారు.

ఎవరూ లేవలేదు. హాలు మొత్తం తల తిప్పి మా పిల్లలిద్దరి వైపు చూసింది. చూడరూ మరి! సీసాపాలతో పెంచే గొర్రెపిల్లని మా ఉత్తరాదివాళ్ళం హ్లవైత్ అంటాం. సుకి అనేది దక్షిణాది మాట. మా లోయ మొత్తం మీద ఆ మాట అనే నోరు ఒక్కటే, మా మరదలు గ్వెండాది. మరుగున ఉందామని పెట్టుకున్న పేరు సరాసరి మా ఇంటి గుమ్మం చూపించింది. అంత తెలివైన పద్యం రాసినదానికి ఆ మాత్రం తట్టలేదు. చిన్నప్పట్నుంచి ఇంట్లో విన్న మాట కదా, అందరూ అంటారనుకుంది పిచ్చిపిల్ల.

రెండోసారి పిలిచారు. షోనెద్ మోకాళ్ళ మధ్య చేతులు దూర్చుకుని నేలకేసి చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి. మూడోసారి బాకా ఎత్తుతుంటే మాబ్లి లేచింది.

అంతే, చప్పట్లు. ఆచారం ప్రకారం దాన్ని కుర్చీ ముందు నిలబెట్టి, కత్తిని ఒరలోంచి సగం లాగి “శాంతి ఉందా?” అని మూడుసార్లు అడిగారు. “ఉంది!” అని హాలంతా మూడుసార్లు అరిచింది. ఏం శాంతి, నా మొహం! నేనూ అరిచాను. మాబ్లి కుర్చీలో కూచుంది.

తర్వాత ఆఫీసులోకి వెళ్ళి కవరు చించాను. లోపల షోనెద్ పేరు, వంకరటింకర అక్షరాలతో. హెడ్‌మాస్టరు గారు తలుపులోంచి తల పెట్టి “పేరు సరిపోయిందా మైనిర్?” అన్నారు. తలూపాను. కవరు సంచిలో వేసుకున్నాను. ఇప్పుడా సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది.

“అత్తా, నీ పేజీ పంపేశావా?” అంది మాబ్లి, మాట మార్చడానికి.

“ఇంకా లేదే. ఐదింటి దాకా టైముంది.”

మా లోయలో నెలకోసారి వచ్చే పత్రికలో ‘బడి కబుర్లు’ నేనే రాస్తాను. బల్ల మీద కంప్యూటరు తెరిచే ఉంది. తొమ్మిదో తరగతి ఆడపిల్లల రగ్బీ జట్టు బురదలో పొర్లి మరీ గెలిచింది. సైన్సు క్విజ్‌లో మనకి రెండో స్థానం. మొదటిది ఎందుకు రాలేదో వాళ్ళ మాస్టారు నాకు మూడుసార్లు చెప్పారు, మూడుసార్లూ వేరే కారణం. ఏడో తరగతివాళ్ళు పాన్‌కేకులు అమ్మి ఆస్పత్రికి చందా ఇచ్చారు. ట్యూబా వాయించే గెత్విన్ అనే కుర్రాడు జాతీయ యువ బృందానికి ఎంపికయ్యాడు, ఆ వాయిద్యం వాడికంటే లావు.

ఎవరి పేరు వేసినా వెనకాల తోక ఉండాలి. ఫలానా తండ్రి, ఫలానా తల్లి, ఫలానా ఇల్లు. మా బడిలో ఒక్క తరగతిలోనే ఎలిన్ జోన్స్‌లు ముగ్గురున్నారు. ఉండే ఇల్లు చెప్పకపోతే ఏ పిల్ల ఏ ఇంటిదో దేవుడికే తెలియాలి.

“నేను చెబుతాను, రాసుకో అక్కా,” అంటూ ఇద్వల్ నా భుజం మీదుగా తొంగి చూశాడు. “కుర్చీ గెలిచినది మాబ్లి. ఇద్వల్, గ్వెండాల కూతురు, ఇల్లు హవోద్ వెన్. అంతేగా? పద్యం కూడా వేస్తారుగా?”

“వేస్తారు. కుర్చీ పద్యం వెయ్యకుండా ఉండరు.”

“అయితే వినిపించు మాబ్లీ. నేను వినలేదుగా.”

“కాయితం... కాయితం బడిలో ఉంది నాన్నా.”

“కాయితం ఎందుకే నీకు? మూడేళ్ళప్పుడు నేర్చుకున్న పాట ఇప్పటికీ గడగడా అప్పజెబుతావు. నువ్వు రాసింది నీకు రాదూ?”

మాబ్లి నా వైపు చూసింది. నేను తెర మీది పాన్‌కేకుల వార్త వైపు చూశాను.

“పోనీ మొత్తం వద్దు. మారుపేరు చెప్పు. ఏం పేరు పెట్టుకున్నావు?”

మాబ్లి నోరు తెరిచింది. మాట కింద నుంచి వచ్చింది.

“సుకి,” అంది షోనెద్.

ఇద్వల్ ఫోను దించాడు. వాడి మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచుకున్నాడు.

“మీ అమ్మ మాట ఈ ఇంట్లో అనొద్దన్నానా?”

“అనొద్దన్నావు. రాయొద్దనలేదు.”

“నిన్నడగలేదు నేను. మాబ్లీ! ఆ పేరెందుకు పెట్టావు? ఊరందరి ముందూ ఆ పేరా? మీ అమ్మ వాళ్ళమ్మకి బాగా లేక వెళ్ళిందని నేను చెప్పుకుంటుంటే...”

“నేను పెట్టలేదు నాన్నా,” అంది మాబ్లి, గొంతు పీలగా.

“నువ్వు పెట్టకపోతే ఎవరు పెట్టారు? లేచింది నువ్వు కాదూ?”

“లేచాను.”

“లేచావా అని అడగలేదు. రాశావా?”

ఇక నావల్ల కాలేదు. సంచిలోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాను. తమ్ముడు దాన్ని తీసి చూశాడు. ఒక్క పేరు చదవడానికి అంతసేపు పడుతుందా! వాడు ఆ వంకర అక్షరాలనే చూస్తూ నిలబడ్డాడు.

“నీకు తెలుసా అక్కా?”

“రెండున్నర నుంచి తెలుసు.”

“హెడ్‌మాస్టరుకి చెప్పావా?”

“లేదురా. అడిగితే తలూపాను. ముప్పై ఏళ్ళలో ఆఫీసులో చెప్పిన మొదటి అబద్ధం అది. ఆఫీసు బయట మాత్రం ఆరు వారాలుగా నీ పుణ్యమా అని రోజూ చెబుతూనే ఉన్నాను.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అనేశాను, అనేశాక హాయిగా కూడా ఉంది.

షోనెద్ సీసా పక్కన పెట్టి లేచింది. స్వెటరు మీద ఇంకా పొద్దున పండగకని పెట్టుకున్న పసుప్పచ్చ డాఫొడిల్ పువ్వు వేలాడుతోంది. అది తండ్రిని చూడలేదు, అక్కనే చూసింది.

“నిన్నెవరు లెమ్మన్నారు?”

“ఎవరు లెమ్మనాలి? నువ్వు చచ్చిపోయేలా ఉన్నావు! అందరూ మనకేసే చూస్తున్నారు. ఇంకో నిమిషమైతే అక్కడే ఏడ్చేసేదానివి.”

“ఏడిస్తే ఏడ్చేదాన్ని. నా ఏడుపు నాది. నీకెందుకు?”

“ఎవరో ఒకరు లేవకపోతే అమ్మ గురించి గుసగుసలు మొదలవుతాయని...”

“ఇప్పుడేమంటున్నారు మరి? మాబ్లి మళ్ళీ గెలిచింది అంటున్నారు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి ఇదే కదా వింటున్నాను. మాబ్లి పాడింది, మాబ్లి గెలిచింది, షోనెద్‌కి గొర్రెలంటే ఇష్టం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాది ఒకటి వస్తే దాంట్లో కూడా నువ్వే వెళ్ళి కూచున్నావు!”

“నీ కోసమే లేచాను షోనెద్. దేవుడి తోడు.”

“కూచున్నది కూడా నా కోసమేనా?”

మాబ్లి కుర్చీ మీద నుంచి చెయ్యి తీసేసింది. తీసి, ఆ చేత్తోనే మొహం కప్పుకుంది. “లేచింది నీ కోసం,” అంది వేళ్ళ మధ్య నుంచి. “కూచున్నాక... బాగుందే. అందరూ చప్పట్లు కొడుతుంటే నాదే అనిపించింది. రెండు నిమిషాలు నాదే అనుకున్నాను. అదే నన్ను తినేస్తోంది.”

ఇంట్లో ఇంకెవరూ అంత నిజం చెప్పలేదు ఈమధ్య. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, టీ గిన్నె కడిగే నెపంతో అటు తిరిగాను.

“పద్యం ఏదీ?” అన్నాడు ఇద్వల్, చాలా నెమ్మదిగా.

“ఒరేయ్, ఇప్పుడెందుకు...”

“నీ కంప్యూటర్లో ఉందిగా. చదువు.”

చదివాను. పొడుగు పద్యమే, ఇరవై నాలుగు పాదాలు. మొదటి పాదాల్లో మంచూ, కొట్టం, లాంతరూ. అక్కడిదాకా వాడు తలాడిస్తూ విన్నాడు. అవి తెలిసిన సంగతులు. ఆఖరి నాలుగు పాదాల దగ్గరకి వచ్చేసరికి నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

‘గొర్రె వద్దంది అని రాసుకోకండి,
గోడకి అటు పక్క అది అరుస్తూనే ఉంది.
సీసా పట్టిన చెయ్యి మంచిదే, వెచ్చనిదే,
నన్ను ఎత్తుకొచ్చిందీ ఆ చెయ్యే.’

ఇద్వల్ తన చేతుల వైపు చూసుకున్నాడు. చూసుకుంటున్నట్టు తెలిసి, వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు.

“ఆ చెయ్యి నాదా?”

“ఆ రోజు పొద్దున నేను మెట్ల మీద ఉన్నాను నాన్నా,” అంది షోనెద్. “అమ్మ ‘పిల్లల్ని తీసుకెళ్తాను’ అంది. నువ్వు ‘పిల్లలు గడప దాటరు’ అన్నావు. మూడుసార్లు అన్నావు. ఇద్దరూ మమ్మల్ని మాత్రం అడగలేదు.”

“నువ్వు విన్నావా?”

“విన్నాను. అమ్మ తలుపు వేసుకుని వెళ్ళేదాకా విన్నాను. దిగి రావాల్సింది. రాలేదు. భయమేసింది. హాల్లో లేవలేకపోయిందీ అందుకే. లేస్తే మొత్తం చెప్పాలి.”

మాబ్లి చెల్లెలి వైపు నోరు తెరుచుకుని చూసింది. ఆరు వారాలు ఒకే గదిలో పడుకుంటున్నారు ఇద్దరూ. దానికీ ఈ సంగతి తెలియదన్నమాట.

ఇద్వల్ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కొట్టంలో ఏదో గొర్రె నొప్పులు పడుతూ మూలుగుతోంది. మామూలుగా అయితే ఈపాటికి పరిగెత్తేవాడు.

“ఇది అచ్చులోకి వెళ్ళదు,” అన్నాడు అటు తిరిగే. “కుర్చీ షోనెద్‌దే, సరే. రేపు పొద్దున నేనే హెడ్‌మాస్టరు ఇంటికి వెళ్ళి చెబుతాను, తిట్లు నేనే తింటాను. పద్యం మాత్రం వద్దు.”

“గెలిచిన పద్యం లేకుండా పేజీ ఎలా పంపనురా?”

“గొర్రెపిల్ల గురించి అని పైన రాసెయ్. గొర్రెపిల్ల గురించే కదా!”

“ఎవరికి చెబుతావురా గొర్రె సంగతి? ఈ పత్రిక చదివేవాళ్ళలో గొర్రెలు లేనివాళ్ళు ఇద్దరు. ఒకరు డాక్టరు, రెండోది నేను. మొదటి పాదంలోనే తెలిసిపోతుంది వాళ్ళకి.”

ఫోను మోగింది. పత్రిక చూసే గోరోన్వి గారు. ఎనభై ఏళ్ళ మనిషి, చెవుడు, ఫోనులో అరుస్తారు. గదిలో అందరికీ వినిపించింది.

“మైనిర్! ఐదింటికి పేజీ మూసెయ్యాలి. కుర్చీ కోసం చోటు వదిలి కూచున్నాను. ఇద్వల్ పెద్దమ్మాయేనటగా? వేసేసుకోనా?”

“వద్దు వద్దు! వెయ్యకండి. నేను పంపుతున్నాను.”

“సరే, సరే. ఇంతకీ గ్వెండా వాళ్ళమ్మకి ఎలా ఉంది పాపం?”

ఆరు వారాలుగా నాలిక మీదే ఉన్న జవాబు. ఆలోచించకుండానే వచ్చేసింది.

“అలాగే ఉందండీ. ఇంకొన్నాళ్ళు పట్టేలా ఉంది.”

ఫోను పెట్టి చూస్తే షోనెద్ నన్నే చూస్తోంది. కోపంగా చూసినా బాగుండేది. దాని కళ్ళలో కోపం లేదు, జాలి ఉంది. పదిహేనేళ్ళ పిల్ల జాలిపడితే మేనత్తకి ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

“ఎన్నాళ్ళత్తా ఇంకా?” అంది. “ఎన్నాళ్ళని చెబుతావు?”

“నన్నడిగితే నేనేం చెప్పనే తల్లీ...”

“అయితే నేను చెబుతాను, రాసుకో. కుర్చీ గెలిచినది షోనెద్. ఇద్వల్, హవోద్ వెన్. గ్వెండా, హ్లాన్‌డైలో. వీళ్ళ కూతురు.”

నా వేళ్ళు ఆగిపోయాయి. తల్లి పేరు పక్కన ఇంకో ఊరు, దక్షిణాదిన గ్వెండా పుట్టిల్లు ఉన్న హ్లాన్‌డైలో! మా లోయలో విడిపోయినవాళ్ళు లేరని కాదు. అలాంటి తోకలు నేనే ఎన్నో వేశాను. కానీ ఒకసారి అలా అచ్చయిందంటే ఇక అంతే. పెళ్ళి చర్చిలో చెబుతాం, విడిపోవడం ‘బడి కబుర్లు’లో తెలుస్తుంది. ఆదివారం చర్చి మెట్ల మీద ఇక గ్వెండా వాళ్ళమ్మ ఆరోగ్యం ఎవరూ అడగరు.

“షోనెద్, ఆలోచించవే,” అంది మాబ్లి. “నాన్న రేపు సంతలో మొహం ఎలా ఎత్తుకుంటాడు?”

“అమ్మ అసలు ఎక్కడా లేనట్టు రాస్తే అమ్మ మొహం సంగతేమిటి? ఈ ఇంట్లో లేని మనిషిని ఈ ఇంట్లో ఉన్నట్టు రాయొద్దు. అంతే నేను అడిగేది. నా పద్యం కింద అబద్ధం వద్దు.”

గోడ గడియారం ఐదుకి తొమ్మిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నేను టైపు చేశాను. ఇద్వల్, హవోద్ వెన్. గ్వెండా, హ్లాన్‌డైలో. తమ్ముడు ఎప్పుడు వెనక్కి వచ్చాడో, తెర మీద ఆ లైను చూస్తూ నా కుర్చీ వెనక నిలబడ్డాడు. “కొట్టెయ్” అంటాడనుకున్నాను. భుజాలు బిగబట్టుకుని కూచున్నాను.

“ఆ ఊరు తప్పు,” అన్నాడు.

“ఏ ఊరు?”

“హ్లాన్‌డైలో తప్పు. గ్వెండా దక్షిణాదికి వెళ్ళలేదు. రెక్సమ్‌లో ఉంది.”

రెక్సమ్ ఏమన్నా దేశం అవతల ఉందా? కొండ దిగితే యాభై నిమిషాలు.

“అబద్ధం!” అంది మాబ్లి. “మొన్న ఆదివారం ఫోను చేసి అమ్మమ్మకి తల దువ్వానంది. నాతో చెప్పింది నాన్నా, నాతో!”

“చెప్పి ఉంటుంది. అలా చెబుదామని ఇద్దరం అనుకున్నాం.”

“ఇద్దరూ కలిసి అనుకున్నారా?” అంది షోనెద్. “అంత దగ్గర్లో ఉందా? నేను రోజూ పడుకునేముందు ఐదు గంటల ప్రయాణం లెక్క వేసుకుంటున్నాను. ఏ బస్సు, ఏ రైలు, ఎక్కడ మారాలి. నీకెప్పట్నుంచి తెలుసు?”

“మొదటి రోజు నుంచి. దాణాకి వెళ్తున్నానని చెప్పి నేనే దింపి వచ్చాను. పెట్టె దాణా బస్తాల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళాను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఒరేయ్, నాతో కూడా చెప్పలేదురా! పాలవాడి దగ్గర్నుంచి పాస్టరు గారి దాకా అందరికీ ఆ ముసలావిడ రోగం వర్ణించి వర్ణించి చెప్పాను నేను. మందుల పేర్లు కూడా చెప్పాను!”

“తప్పే అక్కా.”

“తప్పే అంటే సరిపోయిందా?”

“ఇల్లు చెప్పు,” అంది షోనెద్. “వీధి పేరు, నంబరు.”

ఇద్వల్ కిటికీ వైపు తిరిగాడు. చిన్నది ఎదురుగా వచ్చి నిలబడింది. దాని తల వాడి భుజం దాకా కూడా రాదు.

“నాన్నా. ఇల్లు.”

“బెర్లాన్ వీధి,” అన్నాడు చివరికి. “పదకొండు.”

మాబ్లి అప్పటికే కొక్కెం మీద నుంచి కారు తాళాలు తీసుకుంది. పోయిన నెలలోనే లైసెన్సు వచ్చింది దానికి. చెల్లెలి కోటు కూడా తీసి విసిరింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట నడవలేదు, అంతకుముందు అరుచుకున్నది ఈ పిల్లలేనా అనిపించింది.

గుమ్మం దగ్గర షోనెద్ ఆగింది. “నువ్వూ రా నాన్నా. ఒక్కసారి నలుగురం ఒకచోట కూచుని మాట్లాడుకుందాం. ఎవరూ ఎవర్నీ ఏమీ అనొద్దు.”

ఇద్వల్ గొంతు సవరించుకున్నాడు. వస్తాననే అనుకున్నాను, నిజంగా.

“గొర్రెలు ఈనుతున్నాయి,” అన్నాడు.

“ఈనుతూనే ఉంటాయిలే,” అంది షోనెద్. “అత్తా, ఊరు మార్చి పంపెయ్.”

తలుపు వేసుకున్నారు. హ్లాన్‌డైలో కొట్టేసి రెక్సమ్ అని టైపు చేశాను. షోనెద్ పేరు ఒకసారి, పద్యం ఒకసారి చూసుకున్నాను. ఇంకో మూడు నిమిషాలు ఉంది. తమ్ముడు ఏమైనా అంటాడేమోనని ఒక నిమిషం ఆగాను. అనలేదు. నొక్కేశాను.

“పంపేశావా?”

“పంపేశాను.”

వాడు బల్ల ముందు బెంచీ మీద కూలబడ్డాడు. సగం పాలే తాగిన గొర్రెపిల్ల వచ్చి వాడి బూటు నాకుతోంది. కింద వంతెన మీద కారు దాటిన చప్పుడు వినిపించింది.

“పిల్లలు గడప దాటరని ఎందుకన్నానో ఒక్కరూ అడగలేదక్కా.”

“నువ్వు చెప్పనిస్తేగా! ఎందుకన్నావు?”

“గ్వెండా ఆ ఇంట్లో ఒక్కతే లేదు.”

నాకు వెంటనే అర్థం కాలేదు. వాడి మొహం చూశాక అర్థమైంది.

“ఆ మనిషి సంగతి తనే చెప్పింది నాకు, దాచలేదు,” అన్నాడు. “పిల్లలకి ఇప్పుడే చెప్పొద్దు, నన్ను అసహ్యించుకుంటారు, పరీక్షలయ్యాక నేనే చెబుతాను అని ఏడ్చింది. సరేనన్నాను. తప్పు నా మీదే ఉన్నట్టు ఉండనీ, వేసవిదాకానే కదా అనుకున్నాను. చెయ్యి నాదే అక్కా. ఆ పద్యంలో ఒక్క మాటా అబద్ధం లేదు. కానీ అటు పక్క ఏముందో దానికి తెలియదు.”

“ఒరేయ్ మతి లేనివాడా! మరి అడ్రసు ఎందుకిచ్చావు? ఎందుకు వెళ్ళనిచ్చావు?”

“రోజూ పడుకునేముందు రైళ్ళు లెక్కపెట్టుకుంటానంది. వినలేదూ నువ్వు?”

“మాబ్లికి ఫోను చెయ్యి. వెనక్కి రమ్మను.”

“బండి నడుపుతోంది. ఆ మాట చెప్పి కొండ దారిలో ఏం చెయ్యమంటావు?” అన్నాడు. కాసేపు జేబు తడుముకున్నాడు. “గ్వెండాకే చెబుతాను. కనీసం ఆ మనిషిని బయటికి పంపించమంటాను.”

నంబరు నొక్కాడు. ఆరు వారాల్లో వాడు ఆ నంబరు నొక్కడం నేను చూడలేదు. చూడకుండానే నొక్కాడు, వేళ్ళకి గుర్తే ఉంది. అటు మోగింది, రెండుసార్లు, మూడుసార్లు. ఎవరో ఎత్తారు.

“గ్వెండా, పిల్లలు వస్తున్నారు,” అన్నాడు ఇద్వల్ ఒక్క ఊపులో. “ఇద్దరూ. ఇప్పుడే బయల్దేరారు. వాళ్ళకి ఏమీ తెలియదు.”

అటునుంచి మగ గొంతు, మర్యాదగానే, అడిగింది.

“ఎవరండీ మాట్లాడేది?”

ఇద్వల్ తన పేరు చెప్పడానికి నోరు తెరిచాడు. “హవోద్ వెన్ నుంచి,” అన్నాడు, పేరు వదిలేసి.